మన ఆవే అయినా లాక్కురాకూడదు



'విడిపించడం' అనగానే మనకు పుణ్యకార్యమే గుర్తొస్తుంది. మొసలి నోటినుంచి గజేంద్రుణ్ణి విడిపించిన శ్రీహరి కథ వింటూ పెరిగినవాళ్ళం కదా! కానీ చట్టంలో అదే మాట కొన్నిచోట్ల నేరానికి పేరు. కోర్టుల్లో 'రెస్క్యూ' అంటారు. అదేమిటో ఇవాళ చెప్పుకుందాం.

మా ఉట్నూరు వైపు పత్తిచేలు, జొన్నచేలు, అడవి అన్నీ పక్కపక్కనే. ఒక ఇంటి ఆవు పక్క చేలో పడి మేసిందనుకోండి. చేనుగలాయన దాన్ని పట్టుకుని బందెలదొడ్డికి తోలుకుపోతున్నాడు. ఇంటావిడ పరుగున వెళ్ళి, "మా ఆవును పట్టడానికి నువ్వెవరివి?" అని పలుపు లాక్కుని ఇంటికి తోలుకొచ్చింది. ఆవు ఆమెదే. కానీ పశువులు చేలమీద పడటం గురించి 1871లో వచ్చిన చట్టం, 24వ సెక్షనులో, ఈ పనికి ఆరు నెలలదాకా జైలు గాని, 500 రూపాయలదాకా జరిమానా గాని, రెండూ గాని రాసింది. దొడ్డిలోంచి విడిపించుకుపోయినా అంతే.

"మరి పట్టుకున్నవాడిదే అన్యాయమైతే?" అంటారేమో. ఆ చట్టమే దారి చూపింది. ఆవు చేలో పడనేలేదని మీరంటే, బందె సొమ్మూ మేత ఖర్చూ డిపాజిట్‌గా కట్టి, "ఫిర్యాదు చేయబోతున్నాను" అని చెప్పి ఆవును తెచ్చుకోవచ్చు. పట్టిన పది రోజుల్లోగా మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు చేయాలి. పట్టడం తప్పని తేలితే కట్టిన సొమ్ము తిరిగొస్తుంది, నష్టపరిహారమూ ఉంటుంది. బలం చూపితే మన తప్పు, కాగితం పెడితే మన హక్కు. తేడా అంతే.

పట్నంలో ఉండే మనకు ఆవులెక్కడివి అనుకోకండి. కొడుకునో తమ్ముణ్ణో పోలీసులు పట్టుకుపోతుంటే ఏ తల్లి ప్రాణం ఊరుకుంటుంది? జీపుకు అడ్డం పడి, చెయ్యి పట్టి లాగేస్తుంది. చట్టప్రకారం పట్టుకున్న మనిషిని అలా విడిపిస్తే, పాత శిక్షాస్మృతిలో 225వ సెక్షను కింద నేరం. 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ న్యాయ సంహితలో 263వ సెక్షను. మామూలుగా రెండేళ్ళదాకా జైలు. పట్టుబడ్డవాడి మీద మోపిన నేరం పెద్దదైతే శిక్షా పెరుగుతుంది. కొడుకు ఒక్కడితో పోయేది, తల్లీ లోపలికి పోతుంది!

చేయవలసింది వేరు. ఎందుకు పట్టుకున్నారో, ఎక్కడికి తీసుకెళ్తున్నారో నిలదీసి అడగండి. అరెస్టు సంగతి ఇంటివాళ్ళకు చెప్పడం వాళ్ళ విధి. ప్రయాణానికి పట్టే సమయం మినహా ఇరవై నాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణమే చెబుతోంది. వకీలుకు డబ్బులేదని దిగులొద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం కింద ఆడవాళ్ళకు, గిరిజనులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత సహాయం దొరుకుతుంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి.

ఒక్క మాట. చట్టం ఇలా తలుపు తట్టమంటే, ఆ తలుపు తెరుచుకోవాలి కూడా. మా పాత ఆదిలాబాదు జిల్లాలో గోండులను అడవి అధికారులు సాగుభూముల నుంచి వెళ్ళగొట్టినప్పుడు, వాళ్ళు ముందు అర్జీలే పెట్టుకున్నారు. వినేవాళ్ళు లేకపోయారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీము, అతని తోటివాళ్ళు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాతే నిజాం ప్రభుత్వం హైమండార్ఫ్ అనే పండితుడి చేత వాళ్ళ కష్టాలు విచారింపజేసింది, గోండులకు భూమి పట్టాలూ ఇచ్చింది. తలుపు లేని ఇంటికి గోడ దూకక ఏం చేస్తారు?

ఇవాళ మనకు తలుపులున్నాయి. అవెక్కడున్నాయో తెలియకే ఎందరో అమ్మలు గోడ దూకి దెబ్బ తింటున్నారు. అందుకే ఈ రెండు ముక్కలు మీ చెవిన వేశాను. మీ పనిమనిషికీ, పొరుగావిడకీ కూడా చెప్పండి.