రోగి మంచము ప్రక్కన
(మంగినపూడి సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



ఆసుపత్రులలో రోగులను దర్శించు పరిచర్యనుగూర్చి నాలుగు మాటలు చెప్పుమని మీరు మమ్మును కోరితిరి. మేము వేదాంత కళాశాలలో చదివినవారము కాము. మాలో ఒకరు పని విరమించిన ఉపాధ్యాయులు, ఇద్దరు స్త్రీల మైత్రి సభ్యురాండ్రు, ఒకరు చేపల వేటకు పోవు కుటుంబమువారు. వారమున కొకసారి బస్సెక్కి బందరు పోయి మంచముల మధ్య తిరుగు అలవాటు కలవారము, అంతే.

ఈ పనికి నియమింపబడిన గురువును చాప్లెన్ అందురు. 4వ శతాబ్దములో మార్టిన్ అను సైనికుడు చలికి వణకుచున్న భిక్షకునికి తన పైవస్త్రమును చీల్చి సగమిచ్చెనని చెప్పుదురు. ఆ వస్త్రమును భద్రపరచినవారికి వచ్చిన పేరే ఈ మాటకు మూలము. కనుక ఈ పరిచర్య ఉపన్యాసముతో గాక, సగము దుప్పటితో మొదలైనదని మనము జ్ఞాపకముంచుకొనవలెను.

మన ప్రాంతమునకు బాధ క్రొత్త కాదు. రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు 1841లో బందరు వచ్చిరి. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో ఈ తీరమున సుమారు 30,000 మంది మరణించిరి. డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి, 1898లో స్త్రీల కొరకును పిల్లల కొరకును ఆసుపత్రి తెరచిరి. మన వుయ్యూరులో కెనడియన్ బాప్టిస్టు డాక్టరమ్మ గెర్‌ట్రూడ్ హులెట్ గారు ఆసుపత్రి నడిపిరి. మిషను ఆసుపత్రులలో మందుతోపాటు ఆదరణ మాట చెప్పుటకు బైబిలు స్త్రీలు ఉండెడివారు. 1900లో ఐడా స్కడర్ గారు చిన్నగా ఆరంభించిన వెల్లూరు ఆసుపత్రిలో నేటికిని చాప్లెన్లు ఉన్నారు. అయితే మన పల్లెలవారు నేడు ఎక్కువగా పోవునది బందరు, గుడివాడ, విజయవాడలలోని సర్కారు ఆసుపత్రులకు, ప్రైవేటు నర్సింగు హోములకు. అక్కడ చాప్లెన్లను చూచుట అరుదు. ఆ ఖాళీ స్థలములో నిలువవలసినది సంఘమే.

నిలుచుటకు పోయి మేము తప్పులు చేసితిమి. వాటిని దాచక చెప్పెదము.

కొన్నేండ్ల క్రిందట ఒక ఆసుపత్రిలో పదునెనిమిదేండ్ల కుమారుని పోగొట్టుకొన్న తల్లియొద్దకు పోయితిమి. ఏమి చెప్పవలెనో తోచక, "అమ్మా, దేవుని చిత్తము" అంటిమి. ఆమె మా వైపు చూచి, "అయ్యా, మీ పిల్లోడు ఇంటికాడ బాగున్నాడు గదా" అని గోడవైపు తిరిగినది. ఆ మాటకు నేటివరకు మాయొద్ద జవాబు లేదు. నెల దినముల తరువాత ఆమె యింటికి పోయి ఊరక కూర్చుంటిమి. చాలసేపటికి ఆమె మజ్జిగ తెచ్చి ఇచ్చి, వాని చిన్నతనము మొదలుకొని ఒక గంటసేపు చెప్పినది. మేము విన్నాము. యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా నేలమీద కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరచిన తరువాతనే చెడిపోయిరి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో వేలాది మంది పోయినప్పుడు కూడ, మిగిలినవారికి గంజితోపాటు, పోయినవారి పేర్లు వినువారు కావలసివచ్చెనని మా పెద్దలు చెప్పుచుందురు.

రెండవ తప్పు ఇంకను పెద్దది. ఒక యౌవనస్థురాలి జబ్బును పేరు పెట్టి ఆదివారము ఆరాధనలో ప్రార్థన మనవిగా చెప్పితిమి. మంచి మనస్సుతోనే చెప్పితిమి. సోమవారమునకు అది బస్సు స్టాపు దగ్గర మాటయ్యెను. కుదిరిన సంబంధము తప్పిపోయెను. మేము పోయి క్షమాపణ వేడుకొంటిమి. ఆమె క్షమించినది, సంబంధము మాత్రము తిరిగి రాలేదు. అప్పటినుండి రోగి సెలవు లేక పేరు గాని, జబ్బు గాని చెప్పము. దేవునికి అడ్రసు చెప్పనక్కరలేదు గదా!

మూడవది, ప్రక్క మంచమువారి సంగతి. ఒకరి దిండు క్రింద వేంకటేశ్వరస్వామి పటముండును, ఒకరి చేతికి తాయెత్తుండును. రోగి లేచి పోలేడు. లేచి పోలేనివానికి బోధించుట న్యాయము కాదు. కనుక ముందు, "కాసేపు కూర్చోమంటారా?" అని అడుగుదుము. వద్దంటే నమస్కరించి వచ్చెదము. కూర్చోమంటే విందుము. చీటీ ఎక్కడ వ్రాయించుకొనవలెనో చూపుదుము, కాపలా ఉన్నవారు భోజనము చేసివచ్చువరకు మంచముయొద్ద ఉందుము. ప్రార్థన కోరితే మెల్లగా, క్లుప్తముగా చేయుదుము. మందులు మానుమని ఎవరైనను చెప్పినయెడల, అది విశ్వాసము కాదని గట్టిగా చెప్పుదుము.

అమెరికాలో ఆంటన్ బోయిసెన్ అను గురువు తానే మానసిక రోగియై ఆసుపత్రిలో ఉండి, బాగుపడిన తరువాత 1925లో వేదాంత విద్యార్థులను రోగుల మధ్యకు తీసికొనిపోయి తర్ఫీదు ఇచ్చెను. రోగియే మన పాఠ్యపుస్తకమని ఆయన నేర్పెను. మాకును ఆ తల్లియే గురువాయెను.

ఈ శతవార్షిక సమయమున మా మనవి చిన్నది. ప్రతి సంఘమునుండి వారమునకు ఇద్దరు బయలుదేరవలెను. వారి బస్సు చార్జీ సంఘము భరించవలెను. రోగి ఇంటికి వచ్చిన తరువాత కూడ ఆ ఇద్దరే పోయి చూడవలెను. ఏలయనగా ఆసుపత్రిలో పదిమంది చుట్టములుందురు, మూడవ నెలలో ఎవరును ఉండరు.

గెత్సెమనే తోటలో ప్రభువు శిష్యులను అడిగినది ప్రసంగము కాదు, ఒక గడియ మెలకువ. మన సంఘములకు ఆ మెలకువ దయచేయబడును గాక. ఆమేన్.