కొత్తది కనిపెట్టే మన పిల్లలకు నాలుగు మాటలు
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)

మాకు ఉపన్యాసాలు రావు. లేతు ముందు నిలబడి బతికినవాళ్లం. అంచేత పనివాడి మాటే చెప్తాం.

మొన్న మన గోపాలపట్నం కుర్రాడొకడు కాగితం మీద బొమ్మ గీసుకుని మా ఇంటికొచ్చాడు. వాళ్ల అమ్మీ మగ్గం పని చేస్తుంది. గంటలకొద్దీ వంగి కూర్చుని నడుం పోతోందని, ఫ్రేమును కావలసిన వాలుకు తిప్పుకునే స్టాండు ఒకటి ఊహించాడు. "చాచా, దీనికి పేటెంటు తీసుకుంటే ఎంత వస్తుంది?" అన్నాడు. "అమ్మీ దాని ముందు కూర్చుని చూసిందా బేటా?" అన్నాం. ఇంకా చెయ్యనే లేదట!

వాడికి చింతకింది మల్లేశం గారి సంగతి చెప్పాం. తెలంగాణలో ఆలేరు దగ్గర శారాజిపేట, చేనేత కుటుంబం. ఆసు పోయడమంటే పోచంపల్లి చీర నూలును మేకుల చుట్టూ తిప్పడం. ఒక్క చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలి. తల్లి భుజం నొప్పి చూడలేక 1992లో యంత్రం మొదలెట్టారు. డబ్బు చాలలేదు, నవ్వినవాళ్లూ ఉన్నారు. హైదరాబాదు వెళ్లి పని చేసుకుంటూ ఒక్కొక్క భాగమే కూర్చారు. 1999కి గాని పూర్తవలేదు. తల్లి పేరుతోనే లక్ష్మి ఆసు యంత్రం అన్నారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. పద్మశ్రీ మాట అందరూ చెప్తారు, మాకు మాత్రం ఆ ఏడేళ్లే ముఖ్యం.

ఇక పేటెంటు. ఒట్టి ఆలోచనకు అది రాదు. వస్తువు కొత్తదై ఉండాలి, ఆ పని తెలిసినవాడికి ఇట్టే తట్టేది కాకూడదు, తయారీకి పనికి రావాలి. ముందు పేటెంటు ఆఫీసు వెబ్‌సైటులో అలాంటిది ఉందేమో వెతకండి, ఖర్చు లేదు. మన రాష్ట్రానికి చెన్నై ఆఫీసు. తాత్కాలిక వివరణతో దరఖాస్తు పెట్టి, 12 నెలల్లోగా పూర్తి వివరణ ఇవ్వవచ్చు. మంజూరైతే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, ఏటేటా రుసుము కడుతూ ఉంటేనే సుమా. "లక్షలు తెప్పిస్తాం, ముందు ఫీజు కట్టండి" అనేవాళ్ల గడప తొక్కకండి.

దరఖాస్తు పెట్టే దాకా పదిమందికీ చూపించకండి. ఇది మేము దెబ్బ తిని నేర్చింది. ఒకప్పుడు రేకులు వంచే చిన్న సాధనం చేసి, మోజు కొద్దీ ఒక ప్రదర్శనలో పెట్టాం. ఏడాది తిరక్కుండా అచ్చం అలాంటిదే బజారులో కనిపించింది. ఏజెంటు దగ్గరికి పరుగెత్తితే, "ఊరంతా చూసినదాన్ని కొత్తదని ఎలా రాయమంటారు?" అన్నాడు. చాలా రోజులు అన్నం సయించలేదు.

ఆ కుర్రాడు పాత ఇనుప పైపులతో స్టాండు చేశాడు, ఇంట్లోనే, తలుపేసుకుని. అమ్మీ కూర్చుంటే రెండంగుళాలు ఎత్తయిందట. కాళ్లు కోసి మళ్లీ వెల్డింగు పెడుతున్నాడు.