గిటార్ కుదవ పెట్టినోడు మనోడే: ఎనభైల గ్లామ్ మెటల్, మా కువైట్ మామ

శ్రీశైలం నుంచి మాట్లాడుతున్నా. మధ్యలో గుడి మైకు వినిపిస్తే ఏమనుకోకండి, ఇక్కడ అది మామూలే. ఈరోజు టాపిక్ వింటే మీకు నవ్వొస్తుంది. మల్లన్న కొండ మీద కూర్చొని గ్లామ్ మెటల్ గురించి మాట్లాడబోతున్నా.

ముందు అదేంటో చెప్తా. 1980లలో అమెరికాలో, ముఖ్యంగా లాస్ ఏంజెలెస్‌లోని సన్‌సెట్ స్ట్రిప్ అనే రోడ్డు మీదున్న క్లబ్బుల్లో పెరిగిన రాక్ సంగీతం ఇది. గిటార్ గట్టిగా మోగుతుంది, కోరస్ మాత్రం స్టేడియం మొత్తం కలిసి పాడేంత సులువుగా ఉంటుంది. పాడేది మగవాళ్లే, కానీ కళ్లకు కాటుక, పెదాలకు రంగు, ఒంటికి అతుక్కునే ప్యాంటు, స్ప్రే కొట్టి నిలబెట్టిన జుట్టు. మోట్లీ క్రూ, పాయిజన్ అక్కడి పేర్లు. న్యూజెర్సీ నుంచి బాన్ జోవి, ఇంగ్లండ్ నుంచి డెఫ్ లెపర్డ్, స్వీడన్ నుంచి యూరప్ అనే బ్యాండ్. 1981లో ఎంటీవీ మొదలయ్యాక పాట వినేదే కాదు, చూసేది కూడా అయింది. అందుకే ఈ వేషాలన్నీ అంత బాగా అమ్ముడుపోయాయి.

సరే, ఇది మన దగ్గరికి ఎట్లా వచ్చింది? నాకు తెలిసిన దారి ఒకటుంది. అది కువైట్ దారి.

అప్పటి కడప జిల్లాలో రాయచోటి, రాజంపేట వైపు ఊళ్లలో కువైట్‌కు పోనిల్లు వెతకాలంటే కష్టమే. వానలు లేవు, సేద్యం లేదు. వడ్డీకి డబ్బు తెచ్చి వీసా కొనుక్కొని పోయేవాళ్లు. మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు, 1986లో అట్లనే పోయినాడు. ఒక ఇంట్లో డ్రైవర్ పని. ఆ ఇంటి కఫీల్ కొడుకు కాలేజీ కుర్రోడు. కారెక్కితే చాలు, ఇంగ్లిష్ పాటల క్యాసెట్ పెట్టేవాడంట. మామకు ఇంగ్లిష్ రాదు. క్యాసెట్ల మీద రాసింది అరబ్బీలో. అంటే ఆ పాటల పేర్లూ తెలియవు, బ్యాండ్ల పేర్లూ తెలియవు. కానీ రోజూ అవే పాటలు, నాలుగేళ్లు.

ఆ వేషాలు వింతగా అనిపించలేదా అని అడిగినా. "ఎందుకు వింత? చిరంజీవిని చూసి పోయినోణ్ణే కదా" అన్నాడు. నిజమే. 1985లో 'దొంగ' వచ్చింది. అందులో గోలీమార్ పాటకు మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' వీడియోనే ఆధారం. మెరిసే బట్టలు, బ్రేక్ స్టెప్పులు, పొగ, రంగు లైట్లు మన టూరింగ్ టాకీసు దాకా అప్పటికే వచ్చేశాయి. మన కుర్రోళ్లు నుదుటికి రిబ్బన్ కట్టుకొని తిరిగిన రోజులవి. లాస్ ఏంజెలెస్ కుర్రోడికీ రాయచోటి కుర్రోడికీ ఆ విషయంలో పెద్ద తేడా లేదు.

1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. మామ టేప్ రికార్డర్, బట్టలు, రావాల్సిన జీతం, అన్నీ అక్కడే వదిలేసి బస్సుల్లో ఇరాక్ మీదుగా జోర్డాన్ చేరుకున్నాడు. అమ్మాన్ నుంచి మన ప్రభుత్వం విమానాలు పెట్టి సుమారు రెండు నెలల్లో దాదాపు 1,70,000 మందిని తీసుకొచ్చింది. అందులో మామ ఒకడు. చేతిలో పాస్‌పోర్టు, నెత్తి మీద వీసా అప్పు.

ఊర్లో ఉంటే అప్పులోళ్లు. అందుకని మా నాన్న పనిచేసే శ్రీశైలం ప్రాజెక్టు దగ్గరికి, సుండిపెంటకు వచ్చేసినాడు. కొన్నాళ్లకు గుడి దగ్గర చిన్న బంకు పెట్టి మల్లన్న పాటల క్యాసెట్లు అమ్మినాడు. శివరాత్రికి తెలుగు క్యాసెట్లు, ఉగాదికి కర్ణాటక నుంచి నడిచొచ్చే భక్తుల కోసం కన్నడ క్యాసెట్లు. తర్వాత సీడీలు వచ్చాయి, ఆ తర్వాత మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించడం. ఇప్పుడు మీ చేతిలో ఫోన్ వచ్చింది కాబట్టి అదీ పోయింది. గాజులు, కుంకుమ, బొమ్మలు అమ్ముతున్నాడు.

ఇంత జరిగినా కువైట్ గురించి మామ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడడు. అడిగితే "ఆ, ఏముందిలే" అంటాడు. ముప్పై ఏళ్ల పైన అదే జవాబు.

పోయిన ఉగాది రద్దీ అయిపోయాక ఒక రాత్రి షట్టర్ దించుతూ ఏదో కూని రాగం తీస్తున్నాడు. మాటలు లేవు. "వావ్ వావ్ వవ్వా" అని గొంతులో ఒక శబ్దం. అదేంది మామా అంటే, "కారులో వచ్చే పాట అల్లుడూ, గిటారే మాట్లాడినట్టు ఉంటుంది" అన్నాడు. నాకు తట్టింది. టాక్ బాక్స్ అని ఒక పరికరం ఉంటుంది. గిటార్ శబ్దాన్ని ఒక గొట్టం గుండా నోట్లోకి పంపిస్తారు, వాయించేవాడు నోరు కదిపి ఆ శబ్దాన్ని మాటలా మారుస్తాడు. ఫోన్ తీసి బాన్ జోవి 1986 పాట 'లివిన్ ఆన్ ఎ ప్రేయర్' పెట్టినా. మొదటి పది సెకన్లలోనే మామ అక్కడున్న స్టూల్ మీద కూర్చుండిపోయాడు.

పాట అయిపోయాక అర్థం చెప్పినా. టామీ అని ఒకడు ఓడరేవులో కూలి. యూనియన్ సమ్మెలో ఉంది, పని లేదు. వాడి ప్రియురాలు జీనా హోటల్లో రోజంతా పనిచేసి జీతం ఇంటికి తెస్తుంది. వాడు తన గిటార్‌ను తాకట్టులో పెట్టేశాడు. పాట పేరుకు మన మాటలో అర్థం, దేవుడి మీద భారమేసి బతకడం.

మామ కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "గిటార్ కుదవ పెట్టినాడా? అయితే మనోడేలే" అన్నాడు. ఆ తర్వాత మొదలుపెట్టినాడు. జోర్డాన్ ఎడారిలో డేరాలు, నీళ్ల కోసం లైన్లు, అత్త కమ్మలు కుదవ నుంచి విడిపించడానికి పట్టిన ఆరేళ్లు. రాత్రి పన్నెండు దాకా చెప్పినాడు. అవన్నీ మా అమ్మకు కూడా తెలియవు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. గ్లామ్ మెటల్ అంటే జుట్టు, స్ప్రే, డొల్ల అని కొట్టిపారేసినవాళ్లు చాలామంది. అందులో కొంత నిజం ఉంది. ఆ వీడియోల్లో ఆడవాళ్లను అలంకారం లాగా వాడుకున్న మాట వాస్తవం. 1991లో నిర్వాణా 'నెవర్‌మైండ్' వచ్చి, మామూలు చొక్కాలతో, మేకప్ లేకుండా పాడేసరికి ఈ బ్యాండ్లు ఒక్కసారిగా పాతబడిపోయాయి. కానీ 2022లో మోట్లీ క్రూ, డెఫ్ లెపర్డ్, పాయిజన్ కలిసి అమెరికాలో స్టేడియం టూర్ చేస్తే జనం మళ్లీ వచ్చారు. యాభై, అరవై ఏళ్లవాళ్లు. జుట్టు చూడ్డానికి వచ్చారంటారా?

డెఫ్ లెపర్డ్ డ్రమ్మర్ రిక్ అలెన్‌కు 1984 డిసెంబర్ 31న కారు ప్రమాదంలో ఎడమ చెయ్యి పోయింది. బ్యాండ్ ఇంకొకణ్ణి తెచ్చుకోలేదు. ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌కు పెడల్స్ పెట్టించుకొని, చేత్తో కొట్టాల్సినవి కాలితో కొట్టడం నేర్చుకున్నాడు. 1987లో 'హిస్టీరియా' ఆల్బమ్ అట్లా వచ్చింది. ఫ్యాన్స్‌కు గుర్తున్నది ఇది. ఫ్యాక్టరీలో చేరిన ఏడాది, పని పోయిన ఏడాది, మొదటి జీతం. పాట వాటి మీద అంటించిన చీటీ లాంటిది. చీటీ రంగు చూసి మనం నవ్వుతాం, లోపల ఏముందో వాళ్లకు తెలుసు.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. ఇంట్లో పెద్దవాళ్లను "మీకు ఏ పాట ఇష్టం" అని అడగొద్దు. దానికి ఒక్క మాటలో జవాబొస్తుంది, అయిపోతుంది. "ఆ పాట మొదట ఎక్కడ విన్నారు? అప్పుడు ఏం పని చేసేవాళ్లు?" అని అడగండి. పాట పేరు తెలియకపోతే కూని రాగం తీయమనండి, మీరు వెతికిపెట్టండి. వాళ్లు ఒప్పుకుంటే రికార్డ్ బటన్ నొక్కండి. మీ ఫోన్ చేయగలిగిన మంచి పనుల్లో ఇదొకటి.

ఉంటా మరి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.