బ్యాడ్జీ చెప్పేది, బ్యారక్ చెప్పేది



సోవియట్ సైన్యపు బ్యాడ్జీల గురించి, ఆ సైన్యం ఖాళీ చేసి వెళ్లిన స్థావరాల గురించి ఈ సభలో నాలుగు మాటలు చెప్పమన్నారు. ఈ సంగతులు మాట్లాడుకోవడానికి తెలుగునాట విశాఖపట్నాన్ని మించిన చోటు లేదు. ఆర్కే బీచ్‌లో ఒడ్డుకెక్కి కూర్చున్న కురుసుర జలాంతర్గామి లోపలికి మీరంతా వెళ్లే ఉంటారు. అది సోవియట్ తయారీ. 1969 డిసెంబరు 18న రీగా రేవులో మన నౌకాదళంలో చేరింది. రీగా ఇప్పుడు లాత్వియా రాజధాని, అప్పుడు సోవియట్ యూనియన్‌లో భాగం. 2001లో కురుసుర విధుల నుంచి తప్పుకుంది, మరుసటి ఏడు మ్యూజియమైంది. రోడ్డు దాటితే కనిపించే టియు-142 విమానమూ ఆ దేశం నుంచి వచ్చిందే. రీగా దాకా వెళ్లి జలాంతర్గామిని తెచ్చుకున్న తరం నావికుల కుటుంబాలు ఈ ఊళ్లో ఇంకా ఉన్నాయి. వాళ్లతో నాకొక పని ఉంది. చివర్లో చెబుతాను.

ముందు బ్యాడ్జీలు. సోవియట్ యూనియన్‌లో బ్యాడ్జీ లేని సందర్భం లేదు. కర్మాగారం మొదలైతే బ్యాడ్జీ, ఊరికి వార్షికోత్సవం వస్తే బ్యాడ్జీ, పిల్లవాడు బాగా ఈదితే బ్యాడ్జీ. ‘శ్రమకూ రక్షణకూ సిద్ధం’ అనే వ్యాయామ పరీక్షల బ్యాడ్జీ 1931లో వచ్చింది. గురి తప్పకుండా తుపాకీ పేల్చేవాళ్లకు సోవియట్ సేనాని వొరొషీలోవ్ పేరు మీద 1932 డిసెంబరులో ఇంకొకటి వచ్చింది. సైన్యం బ్యాడ్జీల తీరు వేరు. అవి సైనికుడి గురించి ఒక వాక్యం చెబుతాయి: ఇతను ఏ దళం మనిషి, పనిలో ఏ తరగతి నైపుణ్యం ఉంది, ఎన్నిసార్లు విమానం నుంచి దూకాడు, దూర సముద్రాలకు వెళ్లాడా లేదా. డాలు ఆకారంలో 1, 2, 3 అంకెలున్న బ్యాడ్జీలు నైపుణ్యపు తరగతులవి. వాటికి పైమెట్టు మాస్టర్, అంకె బదులు ‘ఎమ్’ అక్షరం. పారాచూట్ దళం వాళ్ల బ్యాడ్జీకి కింద చిన్న లింకుతో ఒక బిళ్ల వేలాడుతుంది. దాని మీది అంకె ఎన్నిసార్లు దూకాడో చెబుతుంది. దూకుళ్లు పెరిగినకొద్దీ బిళ్ల మారుస్తారు. అందుకే విడి బిళ్లలు కూడా సంతల్లో దొరుకుతాయి, ఎవరివో తెలియకుండా.

ఇవాళ నేను తెచ్చినవాటిలో ఒకదాన్ని చేతుల్లోకి తీసుకుని చూడండి. ‘గ్వార్దియా’ బ్యాడ్జీ. నాజీ సేనలతో యుద్ధం మొదలైన కొన్ని నెలలకే, 1941 సెప్టెంబరు 18న, యెల్న్యా పట్టణం దగ్గర బాగా పోరాడిన నాలుగు డివిజన్లకు ‘గార్డ్స్’ అనే గౌరవం ఇచ్చారు. ఆ దళాల వాళ్లు ధరించే ఈ బ్యాడ్జీ 1942 మే 21న పుట్టింది. ఎత్తు రెండంగుళాలకు కాస్త తక్కువ. చుట్టూ బంగారు రంగు ఆకుల దండ, పైన ఎర్ర జెండా, జెండా మీద ఆ పేరు, మధ్యలో తెల్లటి మీనా మీద ఎర్ర నక్షత్రం. కుడి రొమ్ము మీద పెట్టుకునేవారు.

ఇప్పుడు వెనక్కి తిప్పండి. మధ్యలో స్క్రూ ఉంది, దానికి గుండ్రటి నట్టు. చొక్కాకు చిల్లు పెట్టి, స్క్రూ లోపలికి దూర్చి, లోపలివైపు నుంచి నట్టు బిగిస్తారు. పరుగెత్తినా పాకినా ఊడిపోదు. పాత నట్టుల మీద టంకశాల పేరు అచ్చొత్తి ఉంటుంది. మీనా మీద వేలు పెడితే చల్లగా తగులుతుంది. అది గాజు. పొడి చల్లి కొలిమిలో కరిగించి అతికించింది. అంచు దగ్గర పెచ్చు లేచిన చోట భూతద్దంతో చూస్తే విరిగిన గాజు మెరుపు కనిపిస్తుంది. తర్వాతి రోజుల్లో ఖర్చు తగ్గించడానికి ఇత్తడి పోయి అల్యూమినియం వచ్చింది, గాజు మీనా పోయి లక్క రంగు వచ్చింది. ఆ బ్యాడ్జీ చేతిలో పెడితే బరువే తెలియదు. 1940ల బ్యాడ్జీనీ 1980ల బ్యాడ్జీనీ పక్కపక్కన పెడితే, ఒక దేశం తన సైనికుల కోసం ఎంత లోహం ఖర్చు పెట్టగలిగిందో, ఎంతమంది సైనికులను పోగేసిందో రెండూ తెలుస్తాయి. నాకు ఈ చవకరకం అల్యూమినియం బ్యాడ్జీలంటేనే ఎక్కువ ఇష్టం. అవి లక్షల మంది మామూలు కుర్రాళ్ల రొమ్ముల మీద ఉన్నవి. యుద్ధ వీరుల పతకాలకు చరిత్రకారులున్నారు, వీటికి మనమే దిక్కు.

ఆ కుర్రాళ్ల గురించి ఒక మాట. 1967 చట్టం ప్రకారం నిర్బంధ సైనిక సేవ నేలమీది దళాల్లో రెండేళ్లు, నౌకల మీద మూడేళ్లు. సేవ ముగించుకుని ఇంటికెళ్లేవాడిని ‘డెంబెల్’ అనేవారు. చివరి నెలల్లో వాడికి ఒకటే పని: యూనిఫాం అలంకరణ. భుజం మీద తాళ్లు, మెడ చుట్టూ తెల్ల అంచులు, రొమ్ము నిండా బ్యాడ్జీలు. వాటిలో సంపాదించుకున్నవి కొన్ని, కొనుక్కున్నవి కొన్ని, తోటివాడి దగ్గర మార్చుకున్నవి మరికొన్ని. ఊళ్లో రైలు దిగినప్పుడు అమ్మ చూడాలి, పక్కింటి వాళ్లు చూడాలి. ఒక డెంబెల్ యూనిఫాం మీద అయిదు రకాల బ్యాడ్జీలు కనిపిస్తే వాటిని అక్షరాలా చదువుకోకండి. అసలు లెక్క సైనిక గుర్తింపు పుస్తకంలో ఉంటుంది. బ్యాడ్జీతో పాటు ఆ పుస్తకమో ధ్రువపత్రమో దొరికితే నా దృష్టిలో దాని విలువ పది రెట్లు.

1990 తర్వాత ఇవన్నీ సంతకెక్కాయి. బెర్లిన్‌లో బ్రాండెన్‌బర్గ్ గేటు దగ్గర, మాస్కోలో ఇజ్మైలొవో సంతలో టోపీలు, బెల్టు బకిళ్లు, బ్యాడ్జీలు గుట్టలుగా పోసి అమ్మారు. గిరాకీ ఉన్నచోట నకిలీ పుడుతుంది. కొత్తగా అచ్చు పోసి, ఆమ్లంలో ముంచి పాతబడినట్టు చేసి అమ్ముతున్నారు. కనిపెట్టాలంటే వెనక భాగం చూడండి. పాత అచ్చుల్లో అక్షరాల అంచులు పదునుగా ఉంటాయి, పోత పోసిన నకిలీలో మొద్దుబారి, సన్నటి బుడగల గుంటలు కనిపిస్తాయి. ఇంకొక జాగ్రత్త: పతకాలు వేరు, బ్యాడ్జీలు వేరు. రష్యాలో ప్రభుత్వ పతకాల కొనుగోలూ అమ్మకమూ నేరం. అక్కడి సంతలో చవగ్గా వస్తుందని పతకం కొని సంచిలో వేసుకోకండి.

ఇక స్థావరాలు. జర్మనీలో సోవియట్ సైన్యం అంటే సైనికులు, కుటుంబాలు, సివిలియన్ ఉద్యోగులు కలిపి సుమారు అయిదున్నర లక్షల మంది. 1991 నుంచి 1994 దాకా ఆ జనమంతా రైళ్లలో, ఓడల్లో తరలిపోయారు. 1994 ఆగస్టు 31న బెర్లిన్‌లో రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్, జర్మనీ ఛాన్సలర్ కోల్ ఇద్దరూ ఉండగా వీడ్కోలు జరిగింది. శాంతికాలంలో ఇంత పెద్ద సైన్యం ఇలా వెళ్లిపోయిన సందర్భాలు చరిత్రలో అరుదు. వెనక మిగిలినవి బ్యారక్‌లు, బడులు, ఆసుపత్రులు, బేకరీలు, సినిమా హాళ్లు. ఊళ్లకు ఊళ్లే.

వాటిలో పెద్దది బెర్లిన్‌కు దక్షిణాన వ్యున్స్‌డోర్ఫ్. జర్మనీలోని సోవియట్ దళాలన్నిటికీ ముఖ్య కార్యాలయం అక్కడే. స్థానిక జర్మన్లకు ప్రవేశం ఉండేది కాదు. మాస్కోకు నేరుగా రైలు ఉండేది. ఆఫీసర్స్ హౌస్ ముందు లెనిన్ విగ్రహం ఇప్పటికీ నిలబడి ఉంది. నేను గైడ్‌తో కలిసి చూశాను. మీరూ అలాగే వెళ్లండి, అక్కడ చూపించేవాళ్లున్నారు. లోపల నాటకశాల, ఈతకొలను, పెచ్చులూడుతున్న గోడల మీద సోవియట్ చిత్రాలు. ఇదే నేలలో హిట్లర్ సైన్యపు ముఖ్య కార్యాలయం కూడా ఉండేది. విమానం నుంచి చూస్తే పల్లె ఇళ్లలా కనపడాలని పెంకుల కప్పులు వేసి కట్టిన కాంక్రీటు బంకర్లు సగం కూలి చెట్ల మధ్య పడి ఉన్నాయి. 1998 నుంచి ఆ ఊరు పాత పుస్తకాల ఊరుగా కూడా పేరు తెచ్చుకుంది. పుస్తకాల కొట్టుకూ బంకరుకూ మధ్య కొద్దిపాటి నడకే.

అక్కడికి దగ్గర్లోనే ఇంకొక చోటు ఉంది. మనవాళ్లు వెళితే తప్పకుండా చూడాల్సింది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫ్రాన్స్ రణరంగంలో జర్మన్లకు పట్టుబడ్డ భారతీయ సిపాయిలను ఈ వ్యున్స్‌డోర్ఫ్ శిబిరంలోనే ఉంచారు. ముస్లిం బందీల కోసం 1915లో అక్కడ ఒక చెక్క మసీదు కట్టారు, జర్మనీ నేల మీద అదే మొదటి మసీదు. భాషా పండితులు వచ్చి బందీల గొంతులను గ్రామఫోన్ పలకల మీద రికార్డు చేశారు. 1916 డిసెంబరులో మల్ సింగ్ అనే సిపాయి ఇంటికి వెళ్లాలన్న తపనతో చెప్పుకున్న మాటలు ఇప్పటికీ బెర్లిన్‌లోని హంబోల్ట్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. చలికీ క్షయకూ చనిపోయినవాళ్లను జెహ్రెన్స్‌డోర్ఫ్‌లో పూడ్చారు. అక్కడ రెండు వందలకు పైగా భారతీయ సమాధులున్నాయి. ఆ శ్మశానం తర్వాత సోవియట్ సైనిక శిక్షణ మైదానంలో కలిసిపోయి దెబ్బతింది. సైన్యం వెళ్లిపోయాకే దాన్ని బాగు చేయగలిగారు. బ్యాడ్జీల కోసం అంత దూరం వెళ్లిన నాకు మన సిపాయిల సమాధుల ముందు నిలబడాల్సి వచ్చింది. పాత స్థావరాలను పనికిరాని శిథిలాలని ఎవరన్నా నేను ఒప్పుకోను.

మిగిలినవి త్వరగా చెబుతాను. లాత్వియాలోని స్క్రుందాలో క్షిపణులను ముందే పసిగట్టే రాడార్ ఉండేది. 1995 మేలో అక్కడి కొత్త రాడార్ భవనాన్ని పేల్చేశారు, పాత రాడార్లు 1998 ఆగస్టు దాకా పనిచేశాయి. తర్వాత ఆ రాడార్ సిబ్బంది ఊరు మొత్తం ఖాళీ. అదే దేశంలో ఇర్బెనె దగ్గర, గూఢచర్యానికి కట్టిన 32 మీటర్ల వెడల్పు రేడియో దూరదర్శినిని సైన్యం పాడుచేసి వెళితే శాస్త్రవేత్తలు బాగుచేసుకుని ఇప్పుడు నక్షత్రాల వైపు తిప్పారు. లిథువేనియాలో ప్లోక్‌ష్తినె అనే చోట అడవి కింద నాలుగు క్షిపణి బావులున్నాయి. 2012 నుంచి అది మ్యూజియం. ఎస్తోనియాలో తార్తు పక్కన రాది విమానాశ్రయం బాంబర్లది. తర్వాత చెచెన్యా నాయకుడైన దుదాయెవ్ అక్కడే బాంబర్ డివిజన్‌ను నడిపాడు. ఆ రన్‌వే కొసను పట్టుకుని, దానికి కొనసాగింపులా తమ జాతీయ మ్యూజియం కట్టుకున్నారు ఎస్తోనియన్లు. 2016లో తెరిచారు. చెక్ దేశంలో మిలొవిత్సె శిక్షణ మైదానంలో ట్యాంకులు తిరిగినచోట 2015 నుంచి ఎక్స్‌మూర్ జాతి గుర్రాలు మేస్తున్నాయి.

ఈ స్థావరాల్లో గోడలు చదవడం నేర్చుకోవాలి. చిరిగిన వాల్‌పేపర్ కింద ప్రావ్దా పత్రిక కనిపిస్తుంది. గోడ నునుపు కావడానికి ముందు పత్రిక అతికించి దాని మీద కాగితం వేసేవారు. తేదీ చూస్తే ఆ గదికి ఎప్పుడు మరమ్మతు జరిగిందో తెలిసిపోతుంది. వ్యాయామశాలల గోడల మీద కండలు తిరిగిన సైనికులుంటారు. పడకగది తలుపు చెక్క మీద మేకుతో గీసిన ఊరి పేరు, సంవత్సరం ఉంటాయి. సైన్యం తన గురించి ఏం చెప్పుకోవాలనుకుందో బ్యాడ్జీ చెబుతుంది. ఆ సైన్యంలో మనుషులు ఎలా బతికారో గోడ చెబుతుంది. గోడలు చూడకుండా బ్యాడ్జీలు మాత్రమే పోగేసేవాడికి కథలో సగమే దక్కుతుంది.

అయితే వెళ్లేటప్పుడు ఒక క్రమం ఉంది. అనుమతి తీసుకోవాలి, ఒంటరిగా వెళ్లకూడదు. మూతలు దొంగలు ఎత్తుకుపోయిన మ్యాన్‌హోళ్లు గడ్డి కింద నోరు తెరుచుకుని ఉంటాయి. పేలని గుండ్లు, కప్పుల్లో ఆస్బెస్టాస్, నేలలో ఇంకిన విమాన ఇంధనం అక్కడ మామూలే. చెక్ దేశంలోని హ్రద్చానీ విమానాశ్రయం కింద నేలలోంచి కిరోసిన్ తీసి శుభ్రం చేయడానికి ఏళ్లు పట్టింది. అక్కడి నుంచి ఏ వస్తువూ ఇంటికి తేకూడదని నేను గట్టిగా చెబుతాను. దొరికిన చోట ఫొటో తీసి అక్కడే వదిలేయండి. మెటల్ డిటెక్టర్లు పట్టుకుని యుద్ధంలో చనిపోయినవాళ్ల ఎముకల మధ్య నుంచి బ్యాడ్జీలు తవ్వి అమ్మేవాళ్లున్నారు. మట్టి అంటిన బ్యాడ్జీ ఎవరైనా అమ్మజూపితే కొనకండి. అది ఎవరి రొమ్ము మీది నుంచి వచ్చిందో, ఆ మనిషిని గుర్తుపట్టే ఆఖరి ఆధారం అదేనేమో.

ఇంకొకటి. మన తరం తెలుగు పాఠకులకు సోవియట్ అనగానే ‘సోవియట్ భూమి’ పత్రిక నున్నటి కాగితం, మాస్కోలో ఉప్పల లక్ష్మణరావు గారూ, రాళ్ళబండి వెంకటేశ్వరరావు గారూ తెలుగు చేసిన పుస్తకాలూ గుర్తుకొస్తాయి. నాకూ ఆ ప్రేమ ఉంది. కానీ బాల్టిక్ దేశాల వాళ్లకు ఈ బ్యాడ్జీల మీది ఎర్ర నక్షత్రం తమ దేశాన్ని ఆక్రమించిన సైన్యపు గుర్తు. లిథువేనియా 2008లో, ఉక్రెయిన్ 2015లో ఈ చిహ్నాల ప్రదర్శనను నిషేధించాయి. అక్కడ బ్యాడ్జీ పెట్టుకుని వీధిలో తిరగడం చట్టప్రకారమే కాదు, మర్యాదప్రకారమూ తప్పు. సేకరించేవాడు పెట్టెలో పెట్టి చదువుకుంటాడు, రొమ్ము మీద పెట్టుకోడు.

మొదట చెప్పిన పని ఇదీ. ఈ ఊళ్లో రీగాకో, మరో సోవియట్ రేవుకో వెళ్లొచ్చిన నావికుల ఇళ్లలో, ట్రంకు పెట్టెల అడుగున, అక్కడివాళ్లు చేతిలో పెట్టిన బ్యాడ్జీలు ఉండే ఉంటాయి. అమ్మమని నేను అడగడం లేదు. మీ నాన్నగారో తాతగారో ఇంకా మనమధ్య ఉంటే ఈ ఆదివారం పక్కన కూర్చుని అడగండి: ఇది ఎవరిచ్చారు, ఏ ఊళ్లో, ఏ సంవత్సరం, ఎందుకిచ్చారు. ఆయన చెప్పింది చెప్పినట్టు ఒక కాగితం మీద రాసి, ఆయన చేత సంతకం చేయించి, బ్యాడ్జీతో పాటు ఆ పెట్టెలోనే పెట్టండి. ఒక నకలు నాకివ్వండి. వచ్చే సభలో వాటినన్నిటినీ వరుసగా చదువుదాం.