బియ్యపు బూజులో దొరికిన గుండె మందు
(రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బూజు అనే మాట వింటే మనలో ఎవరికీ సంతోషం కలుగదు. ధాన్యానికి బూజు పడితే ధర పడిపోతుంది. తడిసిన వేరుశనగకు బూజు పడితే వ్యాపారి మొగం త్రిప్పుకొంటాడు. ఆవకాయ జాడీ మూత తీయగానే బూజు కనిపిస్తే ఇల్లాలి శ్రమ అంతా వృథా అయినట్లే. అటువంటి బూజులలో ఒకదాని నుండే, ఈనాడు ప్రపంచంలో కోట్లాది మంది గుండె జబ్బు రాకుండా వాడుతున్న మందుకు దారి దొరికింది. ఆ దారి కనుగొన్నవాడు జపాన్ దేశపు రైతు బిడ్డ. ఆయన పేరు అకిరా ఎండో. ఆయన పరిశోధన ఎట్లా సాగిందో, అందులో మన ఇంటికీ మన గాదెకూ పనికివచ్చే సంగతులేమిటో ఈ వేళ మనవి చేస్తాను.

కొలెస్టరాల్ అంటే ఏమిటి?

కొలెస్టరాల్ మైనం వంటి పదార్థం. దీనిని విషమని భయపడనక్కరలేదు. మన శరీరంలో ప్రతి జీవకణం పొరలోనూ ఇది ఉండవలెను. పైత్యరసం తయారు కావడానికి, డి విటమిన్ తయారు కావడానికి ఇది కావలెను. అందువలన శరీరం దీనిని తిండిలో వచ్చేదాకా కాచుకొని కూర్చోదు. తనకు కావలసినదానిలో సుమారు మూడు పాళ్ళు తానే తయారు చేసుకొంటుంది; ఒక పాలు మాత్రమే మనం తినే మాంసం, గ్రుడ్లు, నెయ్యి వంటి వాటి నుండి వస్తుంది. ఈ తయారీలో ముఖ్యమైన చోటు కాలేయం.

నూనె నీటిలో కలియదని అందరికీ తెలుసును. రక్తం నీటి వంటిది, కొలెస్టరాల్ క్రొవ్వు వంటిది. కాబట్టి అది ఒంటరిగా రక్తంలో ప్రయాణం చేయలేదు. మాంసకృత్తుల తొడుగు గల చిన్న చిన్న రేణువులలో ఎక్కి పోతుంది. వీటినే లైపోప్రోటీన్లు అంటారు. సరకు మోసే బండ్లని అనుకొనండి. 1950 ప్రాంతంలో అమెరికాలో జాన్ గాఫ్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు మిక్కిలి వేగంగా తిరిగే యంత్రంలో రక్తరసాన్ని త్రిప్పి ఈ బండ్లను వేరు చేసి చూపించాడు. పాల నుండి మీగడ తీసే యంత్రం మీరు చూచియుంటారు. సూత్రం అదే. తేలికైనవి పైకి తేలుతాయి, బరువైనవి క్రింద ఉంటాయి.

వీటిలో రెండింటి పేర్లు మీరు ఆసుపత్రి కాగితాల మీద చూస్తారు. ఎల్.డి.ఎల్. అనేది కొలెస్టరాల్‌ను రక్తంలో త్రిప్పే బండి. హెచ్.డి.ఎల్. మిగిలినదానిని తిరిగి కాలేయానికి చేర్చే బండి. మొదటి రకం బండ్లు అవసరానికి మించితే గుండెకు రక్తం తెచ్చే ధమనుల గోడలలో కొలెస్టరాల్ చేరుతుంది. పిల్ల కాలువలో పూడిక వంటిదే ఇది. ఏడాదికి కొంచెం కొంచెంగా పేరుకొంటుంది. పైకి కనబడదు, నొప్పి ఉండదు. ఒకనాడు ఆ పూడిక పగిలి, దాని మీద రక్తం గడ్డ కట్టి, దారి మూసుకొనిపోతుంది. నీరు అందని మడి ఎండినట్లే రక్తం అందని గుండె కండరం చచ్చిపోతుంది. దానినే గుండెపోటు అంటున్నాము.

రైతు బిడ్డ అన్వేషణ

ఎండో 1933లో ఉత్తర జపాన్‌లోని అకితా ప్రాంతంలో ఒక వ్యవసాయ కుటుంబంలో పుట్టాడు. అకితా వరి పండే సీమ, మంచు కురిసే సీమ. అడవిలో మొలిచే పుట్టగొడుగుల మీద చిన్ననాటనే ఆయనకు ఆసక్తి కలిగింది. ఈగలను చంపి మనిషికి హాని చేయని పుట్టగొడుగు ఒకటి అక్కడ ఉండేది. ఈగ ఎందుకు చస్తున్నది, మనిషి ఎందుకు చావడం లేదు అన్నది ఆ పిల్లవాని ప్రశ్న. పెన్సిలిన్ కనుగొన్న ఫ్లెమింగ్ జీవితచరిత్ర చదివి, బూజులలో మందులుంటాయన్న నమ్మకం ఏర్పరచుకొన్నాడు. తొహోకు విశ్వవిద్యాలయంలో వ్యవసాయ శాస్త్రం చదివి 1957లో సాంక్యో అనే మందుల కంపెనీలో చేరాడు. పండ్ల రసాన్ని తేటపరచే ఎన్జైమును బూజుల నుండి తీయడం అక్కడ ఆయన మొదటి పని.

1966 నుండి రెండేండ్లు న్యూయార్కులో పరిశోధన చేశాడు. గుండెపోటు వచ్చిన వృద్ధులను తీసుకొనిపోవడానికి అంబులెన్సులు రావడం తాను కాపురమున్న పేటలో తరచుగా చూచాడు. కొలెస్టరాల్‌ను బాగా తగ్గించే మందు అప్పటికి లేదు. తిండిలో తగ్గించినంత మాత్రాన చాలదు. ఎక్కువ భాగం తయారయ్యేది కాలేయంలో కదా! కొలెస్టరాల్ తయారీ దాదాపు ముప్పది మెట్ల పని. అందులో ఒక మెట్టు దగ్గర రిడక్టేజ్ అనే ఎన్జైము తూము వలె పనిచేస్తుంది. దానిని మూస్తే క్రిందికి పారుదల తగ్గుతుంది. దానిని మూసే పదార్థం ఎక్కడ దొరుకుతుందన్నదే ప్రశ్న.

ఇక్కడ ఆయన ఆలోచన రైతు ఆలోచన. పొలంలో పైరూ కలుపూ నీటికీ ఎరువుకూ పోటీ పడుతాయి. కంటికి కనబడని సూక్ష్మజీవులలోనూ అటువంటి పోరాటమే ఉన్నది. ప్రక్కవానిని చంపడానికి బూజు తన ఆయుధం తాను తయారు చేసుకొంటుంది. కొన్ని సూక్ష్మజీవులు బ్రతకడానికి కొలెస్టరాల్ వంటి పదార్థాలు అవసరం. అటువంటి శత్రువును కొట్టడానికి ఈ తూమును మూసే ఆయుధం ఏ బూజు దగ్గరనో ఉండి తీరుతుందని ఆయన ఊహించాడు.

ఆరు వేల రకాల పరీక్ష

1971లో పని ప్రారంభమైంది. రెండేండ్లలో సుమారు 6,000 రకాల సూక్ష్మజీవులను పెంచి, ఒక్కొక్కదాని ద్రవాన్ని ఎలుక కాలేయపు ఎన్జైములతో కలిపి పరీక్షించారు. మొదట దొరికినది సిట్రినిన్ అనే పదార్థం. అది కొలెస్టరాల్‌ను తగ్గించింది గాని మూత్రపిండాలను పాడుచేసింది. దానిని వదిలివేశారు.

1972లో క్యోటో నగరపు ధాన్యం కొట్టులో తీసిన బియ్యపు నమూనా నుండి పెంచిన నీలి ఆకుపచ్చ బూజు పనికివచ్చేదిగా తేలింది. దాని పేరు పెన్సిలియం సిట్రినం. 1973లో అందులోని అసలు పదార్థాన్ని వేరుచేశారు. తరువాత స్టాటిన్లు అనే పేరు వచ్చిన మందుల కుటుంబంలో అదే మొదటిది.

ఎలుక మీద ఓటమి, కోడి మీద గెలుపు

అంతటితో కష్టాలు తీరలేదు. 1974లో ఆ మందును ఎలుకలకు పెట్టి చూస్తే వాటి రక్తంలో కొలెస్టరాల్ తగ్గలేదు. తూము మూసినకొద్దీ ఎలుక కాలేయం క్రొత్త ఎన్జైమును అనేక రెట్లు తయారు చేసుకొన్నదని తరువాత తెలిసింది. ఆనాడు పని ఆగిపోవలసినదే. కాని ఎండో విడువలేదు. కంపెనీలో కోళ్ళ మీద ప్రయోగాలు చేసే సహోద్యోగి ఒకరు ఉన్నారు. గ్రుడ్డు సొనలో కొలెస్టరాల్ హెచ్చు. కాబట్టి గ్రుడ్లు పెట్టే కోడి దానిని విశేషంగా తయారు చేస్తూ ఉండవలెనని ఆలోచించి 1976లో పెట్టలకు ఆ మందు కలిపిన మేత వేశారు. కొలెస్టరాల్ సుమారు సగానికి దిగింది. కుక్కలలోనూ కోతులలోనూ మంచి ఫలితమే వచ్చింది.

1978లో ఒసాకాలో ఒక వైద్యుడు, వంశపారంపర్యంగా కొలెస్టరాల్ విపరీతంగా పెరిగే రోగం గల పదునెనిమిదేండ్ల యువతికి ఈ మందు ఇచ్చాడు. కొలెస్టరాల్ తగ్గింది గాని కండరాలు నీరసించాయి. మోతాదు తగ్గించి మరికొందరికి ఇచ్చారు. పదకొండుగురిలో సగటున 27 శాతం తగ్గింది.

ఇంత జరిగినా, కుక్కలలో హాని కనిపించిందన్న అనుమానంతో 1980లో కంపెనీ ఆ మందును ఆపివేసింది. ఎండో అప్పటికే కంపెనీ విడిచి టోక్యోలో వ్యవసాయ సాంకేతిక విశ్వవిద్యాలయంలో చేరాడు. ఈ లోగా అమెరికాలోని మెర్క్ కంపెనీ ఆస్పర్‌జిల్లస్ టెర్రియస్ అనే మరొక బూజులో ఇటువంటి పదార్థాన్నే కనుగొన్నది. అది 1987లో అమెరికాలో అనుమతి పొందిన మొదటి స్టాటిన్ మందైనది. ఎండో కూడా 1979లో అదే పదార్థాన్ని వేరొక బూజులో స్వతంత్రంగా కనుగొన్నాడు. ఆయన 2024 జూన్‌లో తన తొంభయ్యవ ఏట కన్నుమూశాడు.

మందు పనిచేసే తీరు

మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు దీని గుట్టు విప్పారు. ఎల్.డి.ఎల్. బండ్లను లోపలికి పిలుచుకొనడానికి కణాల మీద ప్రత్యేకమైన వాకిళ్ళు ఉన్నవని వారు కనుగొన్నారు. ఇందుకు 1985లో వారికి నోబెల్ బహుమానం వచ్చింది. స్టాటిన్ మాత్ర కాలేయంలోని తయారీని తగ్గిస్తుంది. ఇంట్లో గింజలు తగ్గినప్పుడు బయటి బండిని పిలిచి దింపుకొన్నట్లు, కాలేయం మరిన్ని వాకిళ్ళు తెరచి రక్తంలోని ఎల్.డి.ఎల్.ను లోపలికి లాగుకొంటుంది. రక్తం తేట పడుతుంది.

ఫలితం ఏమిటని మీరు అడుగుతారు. ఉత్తర ఐరోపా దేశాలలో గుండె జబ్బు గల 4,444 మంది మీద ఐదేండ్లకు పైగా జరిగిన పరీక్ష ఫలితాలు 1994లో వెలువడ్డాయి. మందు లేని ఉత్తి మాత్ర వాడిన 2,223 మందిలో 256 మంది మరణించారు. స్టాటిన్ వాడిన 2,221 మందిలో మరణించినవారు 182 మంది. ఆ తేడా 74 మంది. మీ ఊరిలో 74 ఇండ్లను తలచుకొంటే ఆ లెక్క విలువ తెలుస్తుంది.

మనం గుర్తుంచుకొనవలసినవి

మొదటిది: డాక్టరు వ్రాసిన మాత్రను నొప్పి లేదు కదా అని మానవద్దు. ఈ మాత్ర నొప్పి తీసేది కాదు. మానితే కొద్ది వారాలలోనే కొలెస్టరాల్ మళ్ళీ ఎప్పటి స్థితికి వస్తుంది. కాలువ ఒక ఏడాది పూడిక తీసి మరుసటి ఏడాది వదిలివేస్తే ఏమవుతుందో మీకు చెప్పనక్కరలేదు. కండరాలలో నొప్పి గాని నీరసం గాని కలిగితే డాక్టరుకు చెప్పవలెను. మోతాదు మార్చడమో మందు మార్చడమో ఆయన చేస్తాడు. గర్భిణులు డాక్టరును అడుగకుండ ఈ మందు వాడరాదు. ఇరుగుపొరుగువారి మాత్రలు ఎవరూ వాడరాదు.

రెండవది: కష్టించి పనిచేసేవారికి గుండె జబ్బు రాదని ధీమాగా ఉండవద్దు. చుట్ట, బీడీ, సిగరెట్టు, రక్తపు పోటు, మధుమేహం ఇవన్నీ ధమనులను పాడుచేసేవే. నూనె డబ్బా మీద "కొలెస్టరాల్ లేదు" అని వ్రాసినంత మాత్రాన ఎక్కువ ధర ఇవ్వనక్కరలేదు. వేరుశనగ, నువ్వులు, ప్రొద్దుతిరుగుడు వీటిలో దేని నూనెలోనూ కొలెస్టరాల్ చెప్పుకోదగినంత ఉండదు. అది జంతువుల నుండి వచ్చే ఆహారంలో ఉండేది. అయితే ఏ నూనెనైనా మితంగా వాడవలెను. నెయ్యి, వనస్పతి, మరల మరల కాచిన నూనె తగ్గించవలెను.

మూడవది: రొమ్ము మధ్య బరువుగా నొప్పి, చెమటలు, ఎడమ చేతికో దవడకో ప్రాకే నొప్పి, ఆయాసం కనిపిస్తే గ్యాసు అని సోడా త్రాగి పడుకొనవద్దు. వెంటనే 108కి ఫోను చేయవలెను. ఆ గంట విలువైనది.

నాల్గవది మన గాదెకు సంబంధించినది. బూజులో మందున్నది కదా అని బూజు పట్టిన గింజ తినవచ్చునా? ఎంతమాత్రం తినరాదు. ఎండో మొదట వదిలివేసిన సిట్రినిన్ విషాన్ని జ్ఞాపకం చేసుకొనండి. మందు దొరికిన పెన్సిలియం సిట్రినం అనే బూజే ఆ విషాన్ని కూడ తయారు చేయగలదు. మందును విషం నుండి వేరుచేసి, మోతాదు తేల్చడానికి శాస్త్రజ్ఞులకు ఏండ్లు పట్టింది. మన వేరుశనగ మీద పెరిగే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తుంది. అది కాలేయాన్ని పాడుచేస్తుంది, కాన్సరు తెస్తుంది. వండినంత మాత్రాన పోదు. బూజు పట్టిన చెక్క మేపితే ఆ విషం పాలలోనికి కూడ దిగుతుంది. కావున వేరుశనగను ఊపితే గింజ గలగలలాడేవరకు, తేమ 8 శాతానికి దిగేవరకు ఎండబెట్టవలెను. దెబ్బ తిన్న, బూజు పట్టిన కాయలను ఏరివేయవలెను. వాటిని మనుషులకు గాని పశువులకు గాని పెట్టరాదు. ధాన్యం నిలవ చేసేటప్పుడు తేమ 14 శాతానికి మించరాదు.

సోదరులారా, మనం విసుక్కొని ఊడ్చి పారవేసే బూజును ఒక రైతు బిడ్డ ప్రశ్న వేసి చూచాడు. ఎలుక మీద ఓడినా విడువక కోడి దగ్గరకు పోయాడు. ఆయన వలన అనేక కుటుంబాలకు పెద్దదిక్కు నిలిచింది. మాత్ర వ్రాయించుకొన్నవారు దానిని క్రమంగా వాడండి. నలభై దాటినవారు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయస్సులోనే గుండెపోటు వచ్చినవారు ఒకసారి రక్తపరీక్ష చేయించుకొనండి. ఈ కోత పూర్తి కాగానే పోదామని వాయిదా వేయవద్దు. కోత ఏటేటా వస్తుంది.