చట్టములకు సవరణ సూచించువారెవరు?

(కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతముల గ్రామస్థుల కొరకు సిద్ధపరచిన ప్రసంగపాఠము)



చట్టములు చేయునది పార్లమెంటు, శాసనసభ అని మనమందరమెరుగుదుము. కాని పాతబడిన చట్టమును పరిశీలించి, ఇచ్చట మార్పు కావలెనని చెప్పువారెవరు? వారిని నియమించునదెవరు? వారి ఖర్చు భరించునదెవరు? ఈ సంగతి గ్రామస్థులు తెలిసికొనుట అవసరము.

కేంద్రమున ఈ పనికి లా కమిషన్ కలదు. స్వాతంత్ర్యానంతరము మొదటి కమిషన్ 1955లో శ్రీ ఎం.సి. సెతల్వాడ్ అధ్యక్షతన ఏర్పడినది. 23వ కమిషన్ కాలము 2024 సెప్టెంబరు 1 నుండి 2027 ఆగస్టు 31 వరకు. ఇందులో అధ్యక్షుడు, సభ్యకార్యదర్శితో కలిపి నలుగురు పూర్తికాల సభ్యులు, పదవిరీత్యా న్యాయశాఖ కార్యదర్శులిద్దరు, ఐదుగురికి మించని పాక్షికకాల సభ్యులు ఉండవచ్చును. ఇది పార్లమెంటు చట్టముచే ఏర్పడినది కాదు. ప్రభుత్వ ఉత్తర్వుతో ఏర్పడి, గడువు తీరగానే ముగియును. ఖర్చు కేంద్ర న్యాయశాఖ పద్దునుండి వచ్చును. పరిశీలింపవలసిన విషయమును ప్రభుత్వము అప్పగింపవచ్చును. కమిషన్ తానుగా చేపట్టవచ్చును. అయితే దాని మాట సలహాయే గాని ఆజ్ఞ కాదు.

ఒక ఉదాహరణము చూతము. గ్రామీణులకు చేరువలో గ్రామ న్యాయాలయములుండవలెనని, న్యాయాధికారి ప్రక్కన ఇద్దరు సామాన్య పౌరులు కూర్చుండి తీర్పు చెప్పవలెనని కమిషన్ 1986లో తన 114వ నివేదికలో సూచించినది. చట్టము 2009 అక్టోబరు 2న గాని అమలులోనికి రాలేదు. అనగా 23 ఏండ్లు పట్టినది. సామాన్య పౌరులకు అందు పీఠము దక్కలేదు. న్యాయాలయములను నెలకొల్పుటయు రాష్ట్రముల ఇష్టమునకే విడువబడినది.

ఇక మన ప్రాంతమునకు వత్తము. 2020 నాటి భూహక్కుల చట్టము, ధరణి వలన కలిగిన చిక్కులను పరిశీలించుటకు రాష్ట్ర ప్రభుత్వము 2024 జనవరిలో ఐదుగురు సభ్యుల సంఘమును నియమించినది. ఇదియు ప్రభుత్వ ఉత్తర్వుతో ఏర్పడినదే. ఆ ఏడు ఆగస్టులో కొత్త చట్టపు ముసాయిదాను ప్రజల ముందుంచి అభిప్రాయములు కోరిరి. డిసెంబరులో శాసనసభ ఆమోదించినది. భూభారతి చట్టము 2025 ఏప్రిల్ 14న అమలులోనికి వచ్చినది. మొదట ప్రయోగముగా ఎన్నుకొనిన నాలుగు మండలములలో కామారెడ్డి జిల్లాలోని లింగంపేట ఒకటి. తహసీల్దారు ఉత్తర్వు తప్పని తోచిన రైతు, లోగడ వలె సివిలు కోర్టుకే పోనక్కరలేక, ఆర్డీవోకు అప్పీలు చేసికొనవచ్చును. లింగంపేట రైతునకు ఆ కచేరి ఎల్లారెడ్డిలోనే కలదు.

కనుక సంఘము ఢిల్లీదైనను, హైదరాబాదుదైనను, దానిని నియమించునదియు, పోషించునదియు ప్రభుత్వమే. అది చెప్పిన మాట నిలుచుట, నిలువకపోవుట పాలకుల చేతిలోనిది. మన చేతిలోనున్నది ఒక్కటే: ముసాయిదా వెలువడినపుడు చదువుకొన్నవారిచే చదివించుకొని, పది మందితో చర్చించి, గడువులోగా అభిప్రాయము వ్రాసి పంపుట. సర్వే నంబరు, పాసుపుస్తకము, జరిగిన నష్టము స్పష్టముగా తెలిపిన ఒక్క కాగితము, రచ్చబండ వద్ద చెప్పుకొన్న వంద మాటలకంటె దూరము పోవును. చట్టము వచ్చిన పిదప వగచుటకంటె, వచ్చుటకు ముందే మాటాడుట మేలు.