సముద్రగర్భంలోని అమానతు

అల్‌హందులిల్లాహి రబ్బిల్ ఆలమీన్.

ప్రియ ధార్మిక సోదరులారా! అర్‌రహ్మాన్ సూరాలో అల్లాహ్ తన అనుగ్రహాలను గుర్తు చేస్తూ ముత్యాలతోపాటు ‘మర్జాన్‌’ను, అంటే పగడాన్ని, ప్రస్తావించాడు. మనకు పగడమంటే ఉంగరంలో పొదిగే ఎర్రరాయి. నిజానికి అది రాయి కాదు, ప్రాణుల కట్టడం.

వెచ్చని సముద్రాలలో దిబ్బలు కట్టే పగడపు జీవులు తమ శరీరంలో సూక్ష్మమైన నాచుకు ఆశ్రయమిస్తాయి. ఆ నాచు వాటికి ఆహారాన్నీ రంగునూ ఇస్తుంది. వేసవిలో ఉండవలసిన వేడి కంటే ఒక్క డిగ్రీ అధికమై వారాల తరబడి నిలిచినా ఆ బంధం తెగుతుంది. పగడం నాచును వెళ్లగొట్టి తెల్లబడుతుంది. వేడి తగ్గకుంటే మరణిస్తుంది. లక్షద్వీప్‌లో 1998, 2010, 2016లలోనూ, మళ్లీ 2024లోనూ పగడాలు ఇలాగే తెల్లబడ్డాయి. అక్కడి ప్రజలలో అత్యధికులు మన ధార్మిక సోదరులే. వారి ఇండ్లూ మస్జిదులూ నిలిచిన నేల పగడాలు కట్టినదే.

సముద్రం సీతాఫల్‌మండికి దూరం కదా అనవచ్చు. కానీ 2011 నుంచి ఆ పగడాలకు ప్రమాద హెచ్చరికలు వెలువడుతున్నది మన హైదరాబాద్ నుంచే. ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల ద్వారా సముద్రపు వేడిని గమనించి వాటిని జారీ చేస్తుంది.

దైవప్రవక్త (స) మదీనాను హరమ్‌గా ప్రకటించి, అక్కడ చెట్లు నరకడాన్నీ వేటనూ నిషేధించారు. మన్నార్ సింధుశాఖలో 1986లో ఏర్పడిన జాతీయ సముద్ర పార్కు కూడా అటువంటి రక్షణే. సున్నం కోసం పగడాలను తవ్వుకుపోయిన ఆ ప్రాంతంలో పరిశోధకులు నేడు పగడపు ముక్కలు నాటుతున్నారు. అయితే నిషేధం తవ్వకాన్ని ఆపగలదు గాని, మనం కాల్చే బొగ్గు, డీజిల్ వల్ల పెరిగే వేడిని ఆపలేదు.

నమాజు ముగిసి అందరూ వెళ్లాక కూడా మన మస్జిద్‌లో ఏసీలు నడుస్తూ ఉండటం చూశాను. చూసి ఆపనివారిలో నేనూ ఉన్నాను; అల్లాహ్ క్షమించుగాక. ఈ జుమా నుంచి చివరి సఫ్ లేవగానే స్విచ్చులు ఆపే బాధ్యత నాది. ఇండ్లలో, దుకాణాలలో అది ఎవరిదో ఈ రోజే నిర్ణయించుకోండి.